గాలి తగులుతోంది కదా అనుకోవద్దు: ఎండలో, ఉక్కలో బండి మీద ఒంటికి ఏమవుతుంది?

ధూల్‌పేట్ (హైదరాబాద్): మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు కూడా పురానాపూల్ నుంచి ధూల్‌పేట్‌లోకి వచ్చే దారిలో బండ్లు ఆగవు. టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద ముందు ఒక బస్తా, వెనక రెండు అట్టపెట్టెలు. బేగం బజార్ హోల్‌సేల్ దుకాణాల సరుకు, వినాయకచవితికి నెలల ముందే మొదలయ్యే విగ్రహాల పనికి కావాల్సిన సామాను, జియాగూడ నుంచి వచ్చే మాంసం, ఫుడ్ డెలివరీ సంచులు, అన్నీ రెండు చక్రాల మీదే తిరుగుతాయి. ఈ సందుల్లో బండి తప్ప వేరే దారి లేదు.

ఇంట్లో అమ్మీ "ఇప్పుడు పోకు బేటా, లూ తగుల్తది" అంటే బయటికి వెళ్లేవాళ్ల జవాబు ఎప్పుడూ ఒకటే: "బండి మీదే కదా, గాలి తగులుతది, ఏం కాదు."

ఈ మాట ఫిబ్రవరిలో నిజం. మే నెలలో అబద్ధం. జూన్ మొదట్లో ఉక్కపోసే రోజుల్లో ఇంకో రకంగా అబద్ధం. ఎందుకో తెలిస్తే ఏ రోజు ఏం జాగ్రత్త తీసుకోవాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ఒంటి వేడికీ ఒక ఖాతా ఉంది

మన ఒంట్లో వేడి ఊరికే కూర్చున్నా పుడుతూనే ఉంటుంది. బండి నడుపుతుంటే, బస్తాలు ఎత్తుతుంటే ఇంకా ఎక్కువ పుడుతుంది. లోపల 37 డిగ్రీల దగ్గర నిలవాలంటే ఎంత వేడి జమ అయితే అంత ఖర్చు కావాలి. ఖర్చు తగ్గితే మిగిలేది లాభం కాదు, వడదెబ్బ.

చర్మం వేడి మామూలుగా 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉంటే, అది తగిలినప్పుడల్లా ఒంటి వేడిని ఎత్తుకుపోతుంది. ఇరానీ చాయ్‌ని సాసర్‌లో పోసి ఊదితే చల్లారేది ఇందుకే. మన ఊపిరి చాయ్ కంటే చల్లగా ఉంటుంది కాబట్టి. గాలి 41 డిగ్రీలు ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. అది ఒంటికంటే వేడి. బండి ఎంత జోరుగా పోతే అంత వేడిని ఒంటి మీదికి తెచ్చి పోస్తుంది. నాన్‌రొట్టెల భట్టీ నోటి దగ్గర నిలబడ్డప్పుడు ముఖానికి కొట్టే సెగ కూడా గాలే. దాన్ని చల్లదనం అనుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

అప్పుడిక ఖర్చుకు మిగిలేది ఒక్క దారి: చెమట. ఒక లీటరు చెమట ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. ఇది చాలా పెద్ద లెక్క. కాకపోతే ఒక షరతు ఉంది. చెమట ఒంటి మీద ఆరినప్పుడే ఆ వేడి పోతుంది. కారి కింద పడిపోయిన చెమటతో ఒంట్లో నీళ్లు, ఉప్పు పోతాయి తప్ప వేడి పోదు. సరుకు ఇచ్చేసి డబ్బు రాకపోతే బేగం బజార్‌లో దాన్ని ఏమంటారో అదే ఇది.

మే వేరు, జూన్ వేరు

హైదరాబాద్ ఎండాకాలంలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు ఎక్కువగా పొడిగా ఉంటాయి. గాలిలో తేమ తక్కువ. అలాంటి రోజున బండి మీద పోయేవారికి చెమట పట్టిన క్షణమే ఆరిపోతుంది. చొక్కా తడవదు. "నాకు చెమటే పట్టలేదు" అనుకుంటారు. అసలు జరిగింది వేరు. సాయంత్రం చొక్కా విప్పి చూస్తే వీపు మీద, చంకల దగ్గర తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి. కష్టపడి పని చేస్తున్న మనిషి ఈ ఎండలో గంటకు లీటరు దాకా చెమట పోగొట్టుకోగలడు. దాహం తెలిసేసరికే ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటాయి.

మే చివర నుంచి నైరుతి రుతుపవనాలు వచ్చే జూన్ రెండో వారం దాకా కథ మారుతుంది. మబ్బు పడుతుంది, రెండు చినుకులు రాలుతాయి, మళ్లీ ఎండ కాస్తుంది. ఫోన్‌లో చూస్తే 36 డిగ్రీలే ఉంటుంది. "ఇవాళ నయం" అనిపిస్తుంది. కానీ గాలి నిండా తేమ ఉంది కాబట్టి చెమట ఆరదు, కారిపోతుంది. బండి కదులుతున్నంతసేపు కాస్త ఆరుతుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే ఒళ్లంతా జిడ్డు. 41 డిగ్రీల పొడి రోజు కంటే 36 డిగ్రీల ఉక్క రోజు కొందరికి ఎక్కువ ప్రమాదం కావడానికి కారణం ఇదే.

ఈ రెంటినీ కలిపి కొలిచే పద్ధతి ఒకటి ఉంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి చూపించే ఉష్ణోగ్రత అది. అది 35 డిగ్రీలు దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో కూర్చున్నా, గంటల్లో ప్రాణం మీదికి వస్తుందని 2010లో శాస్త్రవేత్తలు లెక్క వేశారు. ఆ తర్వాత అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పడుచువాళ్ల మీదే ప్రయోగాలు చేసి 2022లో ప్రచురించారు. తేమ ఎక్కువున్నప్పుడు 30, 31 డిగ్రీల దగ్గరే శరీరం వేడిని అదుపులో పెట్టుకోలేకపోతోందని తేలింది. పెద్దవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకొక మాట. వాతావరణ శాఖ చెప్పే డిగ్రీలు నీడలో, గాలి ఆడే పెట్టెలో ఉంచిన థర్మామీటరువి. తారు రోడ్డు మీద, నెత్తిన ఎండ, కింద రోడ్డు సెగ, కాళ్ల మధ్య ఇంజన్ ఉన్న మనిషికి తగిలే వేడి అంతకంటే చాలా ఎక్కువ. హైదరాబాద్‌లో రికార్డు 1966 జూన్ 2న నమోదైన 45.5 డిగ్రీలు. "ఆ రికార్డు ఇంకా దాటలేదు కదా" అని ధీమా పడటానికి లేదు. 2015 మేలో వచ్చిన వడగాలులకు తెలుగు రాష్ట్రాలు రెండింట్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. 2024 హజ్‌లో మక్కా మస్జిదుల్ హరామ్ దగ్గర 51.8 డిగ్రీలు నమోదైంది. ఆ ఏడాది 1,300 మందికి పైగా హాజీలు మరణించారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. అనుమతి లేకుండా వెళ్లి, చల్లటి టెంటు, బస్సు దొరక్క ఎండలో నడిచినవాళ్లే వాళ్లలో ఎక్కువ. వాళ్లను ఎండ ఒక్కటే చంపలేదు. ఆగడానికి చోటు లేకపోవడం కూడా చంపింది.

బట్టలు, బురఖా, హెల్మెట్

ఎండగా ఉందని హాఫ్ చేతుల బనియన్‌తో బండి ఎక్కేవాళ్లు చాలామంది. పొడి ఎండలో ఇది తప్పు. చర్మం మీద ఎండ నేరుగా పడుతుంది, వేడి గాలి నేరుగా కొడుతుంది. వదులుగా ఉండే నిండు చేతుల కాటన్ చొక్కా లేదా కుర్తా, మెడకు తడిపి పిండిన రుమాలు ఉంటే మంచిది. రుమాలు ఆరినప్పుడల్లా మళ్లీ తడపాలి. ఆరే నీళ్లు ఒంటి చెమట బదులు వేడిని మోసుకుపోతాయి. అయితే ఇది మే నెల చిట్కా. జూన్ ఉక్కలో తడి రుమాలు ఆరదు, మెడకు బరువు తప్ప లాభం లేదు. అప్పుడు పలుచటి, వదులు బట్టలు, ఎక్కువసార్లు ఆగడం, ఫ్యాను కింద నిలబడటం, ఇవే పని చేస్తాయి.

వెనక కూర్చునే ఆడవాళ్ల గురించి అందరూ అడిగే ప్రశ్న నల్ల బురఖా. నలుపు వేడిని ఎక్కువ లాగుతుంది, నిజమే. కానీ 1980లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చదవదగినది. ఎడారిలో బెడూయిన్ల నల్ల అంగీ, తెల్ల అంగీ వేసుకున్న మనిషిని ఎండలో నిలబెట్టి కొలిచారు. నల్ల గుడ్డ ఎక్కువ కాలింది కానీ, ఒంటికి చేరిన వేడి రెండింట్లోనూ ఒకటే. అంగీ వదులుగా ఉండటం వల్ల, గుడ్డకూ ఒంటికీ మధ్య గాలి ఆడి ఆ అదనపు వేడిని బయటికి తీసుకుపోయింది. అంటే అసలు విషయం రంగు కాదు, వదులు. ఒంటికి అంటుకునే పాలిస్టర్ బురఖా, దాని కింద ఇంకో సింథటిక్ డ్రెస్సు అయితే ఈ లాభం ఉండదు. అంగీ వదులు కాబట్టి ఇంకో జాగ్రత్త తప్పదు: కొంగు, అంచు చక్రంలోకి పోకుండా ఒళ్లోకి లాక్కుని కూర్చోవాలి, శారీ గార్డు విరిగిపోయి ఉంటే వేయించాలి.

హెల్మెట్ గురించి. "తల మీద పొయ్యి పెట్టుకున్నట్టుంది" అని చాలామంది దాన్ని ట్యాంకు మీద పెట్టుకుని తిరుగుతారు. లోపలి థర్మాకోల్ పొర దెబ్బ నుంచే కాదు, నడినెత్తి ఎండ నుంచి కూడా కాపాడుతుంది. ఉక్క తగ్గించుకోవడానికి లేత రంగు, గాలి రంధ్రాలు ఉన్న ఐఎస్‌ఐ హెల్మెట్ తీసుకోవాలి. కింద పలుచటి కాటన్ టోపీ పెట్టుకుంటే చెమట కళ్లలోకి దిగదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దం ఎత్తాలి. హెల్మెట్ లేకుంటే జరిమానా ఎలాగూ ఉంది.

చిన్నపిల్లల్ని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకోవడం పాతబస్తీలో రోజూ కనిపించే దృశ్యం. వేడి గాలి, ఎండ, కాలే ట్యాంకు, అన్నీ మొదట తగిలేది ఆ బిడ్డకే. పిల్లల ఒళ్లు పెద్దల కంటే త్వరగా వేడెక్కుతుంది, నోరు తెరిచి చెప్పలేరు. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు సేఫ్టీ బెల్టు, హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య అయితే బెల్టు ఉన్నా తీసుకెళ్లకపోవడమే నయం.

ఏం తాగాలి

జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే లూ తగలదని పెద్దవాళ్లు అంటారు. ఉల్లిగడ్డ వల్ల నష్టం లేదు, దాన్ని నమ్ముకుని నీళ్ల సీసా మరిచిపోతేనే నష్టం. బయల్దేరే ముందు ఒక పెద్ద గ్లాసు తాగి, దారిలో పదిహేను ఇరవై నిమిషాలకోసారి రెండు మూడు గుక్కలు తాగడం మంచిది. ఒకేసారి లీటరు గటగటా తాగితే కడుపు ఉబ్బుతుంది తప్ప ఒంటికి పట్టదు. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి రోజంతా తిరిగేవాళ్లకు ఉత్త నీళ్లు చాలవు. ఉప్పు వేసిన మజ్జిగ, నింబూపానీ బాగా పని చేస్తాయి. చాయ్ తాగొచ్చు, నీళ్లకు బదులుగా మాత్రం కాదు.

ఓఆర్‌ఎస్ విషయంలో ఒక హెచ్చరిక. చాలాకాలం మందుల దుకాణాల్లో పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకున్న తీపి డ్రింకులు అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడాలి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, సగం గ్లాసులో కాదు. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తల కొట్టి కొలవాలి. బీపీ, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఉప్పు, నీళ్లు ఎంత అనేది తమ డాక్టర్‌ని అడగాలి. చెమట, మూత్రం మీద ప్రభావం చూపే బీపీ గోలీలు కొన్ని ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్‌ను బండి డిక్కీలో పెట్టి మరిచిపోతే ఆ వేడికి అది చెడిపోతుంది. రంగు మారకపోవచ్చు కూడా, షుగర్ తగ్గనప్పుడే తెలుస్తుంది.

బక్రీద్ ఎండలోకి వస్తోంది

రంజాన్ ఇప్పుడు చలికాలం వైపు జరిగింది. 2018, 2019లో లాగా మే నెల రోజాలు మళ్లీ రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. కానీ బక్రీద్ సంగతి వేరు. 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ ఇప్పుడు మే నెలలోకి, నడి ఎండలోకి దిగుతోంది. ముందురోజు అరఫా రోజా ఉండి జంతువు కోసం మండీల చుట్టూ తిరిగేవాళ్లు, పండగనాడు మధ్యాహ్నం దాకా కోత దగ్గర నిలబడి తర్వాత బండి మీద చుట్టాలకు, పేదలకు గోష్ పంచేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ రోజు ఒంట్లో నీళ్లు తగ్గడం గురించి ఎవరూ ఆలోచించరు.

రోజా ఉన్నప్పుడు తల మీద నీళ్లు పోసుకుంటే, తడి రుమాలు వేసుకుంటే రోజా పోదు. ఒళ్లు తూలుతుంటే, ప్రాణానికి ముప్పు అనిపిస్తే రోజా విరమించే వెసులుబాటు షరియత్‌లోనే ఉంది. అరఫా రోజా నఫిల్ అన్నది కూడా గుర్తుంచుకోవాలి. గోష్ విషయానికొస్తే, 32 డిగ్రీలు దాటిన వేడిలో పచ్చి మాంసం గంటకు మించి బయట ఉంచడం మంచిది కాదు. దగ్గరి ఇళ్లకు ముందు, దూరానివి ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం అసర్ తర్వాత తీసుకెళ్తే మాంసానికీ మనిషికీ ఇద్దరికీ మేలు.

ఎక్కడ ఆగాలి

పాతబస్తీలో నాలుగు అడుగులకో మస్జిద్ ఉంది. ఎండలో పని చేసేవారికి ఇది చిన్న విషయం కాదు. ముంజేతులు, కాళ్లు, ముఖం చల్లటి నీళ్లతో కడగడం ఒంటి వేడిని త్వరగా దించే పద్ధతుల్లో ఒకటి. చాలా దేశాల ఫైర్ సిబ్బంది వేడిలో పనిచేశాక ముంజేతుల్ని చల్లటి నీళ్లలో ముంచి కూర్చుంటారు. వజూలో జరిగేది దాదాపు ఇదే. జుహర్‌కి ఆగినవాళ్లకు నడి మధ్యాహ్నం అరగంట నీడ దొరుకుతుంది. ఎండ మరీ తీవ్రమైనప్పుడు జుహర్‌ను కాస్త చల్లబడ్డాక చదవమని హదీసులోనూ ఉంది. మస్జిద్ కమిటీలు ముందు సబీల్ పెట్టి, వరండాలో రెండు ఫ్యాన్లు మధ్యాహ్నమంతా తిరిగేలా చూస్తే డెలివరీ కుర్రాళ్లు ఏ మతం వాళ్లయినా ఐదు నిమిషాలు కూర్చుంటారు.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఇది కొత్త కాదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. డెలివరీ రైడర్లకు ఏసీ విశ్రాంతి గదులు కట్టారు. కువైట్ అయితే వేసవి నెలల్లో పగలు పదకొండు నుంచి నాలుగు దాకా డెలివరీ బైకులే తిరగొద్దంది. మన దగ్గర చెన్నై కార్పొరేషన్ 2025లో గిగ్ వర్కర్లకు ఏసీ గదులు తెరిచింది. ధూల్‌పేట్‌లో ఆర్డర్ ఆలస్యమైతే రేటింగ్ తగ్గుతుందని భయపడే కుర్రాడికి మాత్రం ఇప్పటికీ చెట్టు నీడే దిక్కు. ఆ చెట్లు కూడా తక్కువే.

బండికీ కొంచెం శ్రద్ధ కావాలి. టైర్లలో గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. ఎండలో టైరు వేడెక్కాక కొలిస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసేయకూడదు. ఎండాకాలం ట్యాంకు నిండా పెట్రోల్ కొట్టిస్తే పేలుతుందని ఏటా వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ నిజం కాదని ఇండియన్ ఆయిల్ సంస్థే చెప్పింది. కంపెనీ చెప్పిన హద్దు దాకా నింపుకోవచ్చు.

మనిషి తూలితే

వడదెబ్బ చాలాసార్లు ఒక్కసారిగా పడగొట్టదు, ముందు చెబుతుంది. తలనొప్పి, పిక్కలు పట్టేయడం, కారణం లేకుండా కోపం రావడం, వాంతి వచ్చేలా ఉండటం, ఎండలోనూ ఒళ్లు జలదరించడం. బండి నడిపేవారిలో ఇంకొకటి: బ్రేకు ఆలస్యంగా పడటం, తెలిసిన మలుపు దాటిపోవడం. ఇలా అనిపిస్తే ఇంకో కిలోమీటరు పోదాం అనుకోకూడదు. నీడలో బండి ఆపి, హెల్మెట్ తీసి, తలా చేతులూ తడిపి కూర్చోవాలి.

మాట తడబడుతున్నా, పిచ్చిగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా అది అసలైన వడదెబ్బ. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. చెమట పడుతోంది కదా అని కొట్టిపారేయొద్దు, పని చేస్తూ పడిపోయినవారికి చెమట ఉండొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా నీడలోకి చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, అట్టముక్కతోనైనా విసరాలి. ఐస్ దొరికితే మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం గోలీ దీనికి పని చేయదు. బండి మీద నుంచి పడి ఉంటే మెడ కదలకుండా ఒకరు పట్టుకున్నాకే హెల్మెట్ తీయాలి. ధూల్‌పేట్ వాళ్లకు అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి దగ్గర.

చివరగా, మాట్లాడుకోవడానికి ఎవరికీ ఇష్టం లేని విషయం. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల రూపాయల సాయం అని చెప్పింది. అది అందాలంటే మరణం వడదెబ్బ వల్లే అని అధికారికంగా తేలాలి. మన ఇళ్లలో మయ్యత్‌ను త్వరగా ఖనన్ చేయాలన్న తొందరలో ఆసుపత్రికి తీసుకెళ్లకుండానే "గుండె ఆగింది" అనుకుని జనాజా ముగించేస్తారు. తర్వాత సంపాదించే చేయి పోయిన భార్యాపిల్లల దగ్గర చూపించడానికి ఒక్క కాగితం ఉండదు. ఎండలో పడిపోయిన మనిషిని, ప్రాణం లేదని ఇంట్లోవాళ్లకు అనిపించినా, ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎక్కడ, ఎన్నింటికి, ఎండలో ఏం పని చేస్తూ పడిపోయాడో డాక్టర్‌తో రాయించాలి. పోలీస్ స్టేషన్‌లో, తహసీల్దార్ ఆఫీసులో తెలియజేసి, ఆ కాపీ దగ్గర పెట్టుకోవాలి.